ముందు డెక్కు, తర్వాతే డాంగిల్

"మా పెళ్లి క్యాసెట్టు బీరువాలో ఉందండీ. కంప్యూటర్లోకి ఎక్కించుకోవాలి. ఏ డాంగిల్ కొనమంటారు?"

పాత క్యాసెట్ల మాట ఎత్తగానే ఎవరైనా మొదట అడిగేది ఇదే. నరసరావుపేటలోనైనా ఇదే ప్రశ్న, గురజాలలోనైనా ఇదే. డెక్కు బొమ్మని యూఎస్‌బీ గుండా కంప్యూటర్లోకి పంపే ఈ చిన్న పరికరం సులువుగా దొరుకుతుంది, వెయ్యి రూపాయల లోపే ఇంటికొస్తుంది, అందుకని ముందు దాని మీదకే ధ్యాస పోతుంది. కానీ ఈ పనిలో దాని వంతు దాదాపు ఆఖరున వస్తుంది. అంతకు ముందు క్యాసెట్టు ఆడే స్థితిలో ఉండాలి. దాన్ని ఆడించే డెక్కు ఆరోగ్యంగా ఉండాలి. డెక్కు నుంచి వచ్చే సిగ్నల్‌ని కంప్యూటర్‌కి పట్టుబడేలా సరిచేసే పెట్టె ఒకటి మధ్యలో ఉండాలి. డబ్బయినా శ్రద్ధయినా ఈ వరసలోనే పెట్టాలని నా వాదన. చాలామంది తిరగేసి, కొత్త ల్యాప్‌టాప్‌తో మొదలుపెట్టి, పాత డెక్కు దగ్గర ఆగిపోతారు.

ఇన్నాళ్లు ఉన్న క్యాసెట్టు ఇంకో పదేళ్లు ఉండదా? ఇప్పుడే ఎందుకు?

క్యాసెట్టు ఉండొచ్చు. దాన్ని ఆడించే యంత్రమే ఉండదు. వీహెచ్ఎస్ పద్ధతిని జేవీసీ కంపెనీ 1976లో జపాన్‌లో తెచ్చింది. మన దగ్గర 1982 ఆసియా క్రీడలప్పుడు కలర్ టీవీ వచ్చాక ఆ ఊపులో వీసీఆర్లు, వీసీపీలు ఊళ్లలోకి దిగాయి. రాత్రికి టీవీ, డెక్కు, నాలుగు క్యాసెట్లు అద్దెకు తెచ్చుకుని తెల్లవార్లూ సినిమాలు చూసిన తరం ఇంకా మన మధ్యే ఉంది. ఆ డెక్కుల తయారీ 2016 జులైతో ప్రపంచంలోనే ఆగిపోయింది. ఆఖరి వరకూ చేసింది జపాన్‌కు చెందిన ఫునాయ్. టేపుని చదివే హెడ్డు కొత్తది దొరకదు, రబ్బరు బెల్టులు సాగిపోతాయి, పవర్ సప్లైలో కెపాసిటర్లు ఎండిపోతాయి, వీటిని బాగుచేయడం తెలిసిన టీవీ మెకానిక్కులు ఒక్కొక్కరే పని మానేస్తున్నారు. యునెస్కో 2019లో టేపుల గురించి ప్రపంచానికి ఒక హెచ్చరిక చేసింది. 2025 ప్రాంతానికి టేపుల్ని ఆడించడం దాదాపు కుదరని పని అవుతుందని నిపుణుల అంచనా. ఆ గడువు దాటిపోయింది కూడా. ఇంట్లో కూర్చుని చేయగలిగినంత వెసులుబాటు మాత్రం ఇంకా మిగిలుంది.

క్యాసెట్టు కూడా ఊరికే కూర్చోదు. పాలిస్టర్ పొర మీద అయస్కాంత గుణమున్న పొడిని జిగురులాంటి పాలియురథేన్‌తో అంటిస్తారు. గాలిలో తేమ తగిలేకొద్దీ ఆ జిగురు విరుగుతుంది. పల్నాడు ఎండ సంగతి చెప్పక్కర్లేదు. వేసవిలో రాష్ట్రంలో ఎక్కువ ఉష్ణోగ్రత ఎక్కడని అడిగితే రెంటచింతల పేరు చెప్పడం ఎప్పట్నుంచో అలవాటు. స్లాబు కింద అటక మీద, రేకుల ట్రంకుపెట్టెలో క్యాసెట్టు పెట్టామంటే బయటి ఎండ కన్నా లోపలి వేడే ఎక్కువ. ఆ వేడికి చుట్ట బిగుసుకుంటుంది, చల్లబడ్డాక వదులవుతుంది. ఇలా ఏటా జరిగితే టేపు అంచులు అలలు పోతాయి. వానాకాలం వస్తే తేమకి ఫంగస్ పడుతుంది. పిడుగురాళ్ల వైపు ఇళ్లలోనైతే సున్నపు బట్టీల దుమ్ము అదనం.

ఇక ఈ క్యాసెట్లలో ఏముంటుందంటే, ఎక్కువ భాగం పెళ్లిళ్లే. వాటి సంగతి ఇంటివాళ్లకే వదిలేద్దాం. కానీ అప్పటి వీడియోగ్రాఫర్లు పెళ్లిళ్ల సీజన్ కానప్పుడు కోటప్పకొండ తిరునాళ్లకు పోయి ఎత్తుగా అలంకరించి కట్టే ప్రభలు తీశారు, కార్తీకంలో కారంపూడి పోయి పల్నాటి వీరుల ఉత్సవాల్లో మందపోరు, కోడిపోరు ఘట్టాలు తీశారు. వీటికి ఇంకో కాపీ ఎక్కడా ఉండకపోవచ్చు. ఈ నేల మీద టేపుకి పెద్ద చరిత్రే ఉంది. జీన్ రోగైర్ అనే అమెరికన్ పరిశోధకుడు అలిశెట్టి గాలెయ్య పాడగా పల్నాటి వీరుల కథను ఆడియో టేపు మీదకెక్కించుకున్నాడు. దాని ఆధారంగానే 1982లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ల క్లారెండన్ ప్రెస్ నుంచి ఆంగ్లంలో పుస్తకం వెలువడింది. పండితుడి టేపుకి పుస్తకమైనా తోడుంది. వీడియోగ్రాఫర్ తీసిన తిరునాళ్ల టేపుకి ఆ క్యాసెట్టు తప్ప వేరే దిక్కు లేదు.

బీరువాలోంచి తీసి వెంటనే డెక్కులో పెట్టొచ్చా?

పెట్టొద్దు. ముందు వెలుతురులో పట్టుకుని క్యాసెట్టు మీది కిటికీలోంచి చుట్ట చూడండి. నల్లగా, నున్నగా, ఒకే ఎత్తులో ఉంటే మంచిదే. చుట్ట అంచు మీద తెల్లటి పొడిలాగో, సన్నటి దూదిలాగో కనిపిస్తే అది ఫంగస్. అలాంటిదాన్ని ఆడిస్తే ఆ పొడి డెక్కు హెడ్డుకి పడుతుంది, తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్టుకీ అంటుకుంటుంది. దాన్ని విడిగా సంచిలో కట్టి పక్కన పెట్టండి. శుభ్రం చేయడానికి వేరే డెక్కు, ముక్కుకి మాస్కు, ఓపిక కావాలి. మొదటి రోజు పని కాదది.

తర్వాత క్యాసెట్టు వెన్ను మీద ఎడమ మూల చూడండి. చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. దాన్ని విరిచేస్తే ఇక ఆ క్యాసెట్టు మీద రికార్డింగ్ పడదు. పొరపాటున ఎర్ర బటన్ నొక్కినా పెళ్లి చెరిగిపోదు. ఈ ఒక్క పని మాత్రం ఎవరికి చూపించడానికి పోయినా ముందే చేసుకుపోవాలి.

ఏళ్ల తరబడి కదలని చుట్టని ఒకసారి చివరిదాకా ముందుకీ, మళ్లీ వెనక్కీ తిప్పితే బిగువు సర్దుకుంటుంది. మధ్యలో డెక్కు ముక్కుతున్నట్టు శబ్దం వస్తే ఆపెయ్యాలి. డబ్బా పగిలినా, లోపలి స్ప్రింగు ఊడినా భయపడక్కర్లేదు. వీహెచ్ఎస్ డబ్బాకి అడుగున 5 స్క్రూలుంటాయి. వాటిని విప్పి, రెండు చుట్టల్నీ అలాగే ఎత్తి ఇంకో మంచి క్యాసెట్టు డబ్బాలో కూర్చోబెట్టొచ్చు. పనికిరాని పాత సినిమా క్యాసెట్టు ఇందుకే ఒకటి దాచుకోవాలి. టేపుకి వేలు తగలకుండా చూసుకుంటే చాలు.

ఏ డెక్కు కొనాలి? ఎక్కడ దొరుకుతుంది?

కొనే ముందు బంధువుల ఇళ్లలో అడగండి. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు తెచ్చుకున్న డెక్కులు పైన గుడ్డ కప్పి ఉంటాయి. ఇంట్లో వాడి జాగ్రత్తగా పెట్టిన డెక్కుకి, రోజుకి నాలుగు సినిమాలాడిన అద్దె డెక్కుకి చాలా తేడా. అద్దె డెక్కు హెడ్డు అరిగిపోయి ఉంటుంది. దొరక్కపోతే హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంత, చెన్నై రిచీ స్ట్రీట్, ఆన్‌లైన్ సెకండ్‌హ్యాండ్ ప్రకటనలు ఉన్నాయి. మన క్యాసెట్టు ఒకటి తీసుకుపోయి, అక్కడే పెట్టించి, పది నిమిషాలు ఆడించి, ముందుకీ వెనక్కీ తిప్పించి, బయటికి తీయించి చూశాకే డబ్బివ్వాలి. "హెడ్డు క్లీన్ చేస్తే సరిపోద్దండి" అనే మాటకి ధర సగానికి తగ్గించమనండి.

డెక్కుల్లో వీసీపీ అంటే ఆడించడానికి మాత్రమే పనికొచ్చేది. మన పనికి అది చాలు, రికార్డింగ్ అవసరమే లేదు. కానీ అంతకన్నా మంచిది ఎస్-వీహెచ్ఎస్ డెక్కు. 1987లో వచ్చిన మెరుగైన రకం ఇది, మామూలు వీహెచ్ఎస్ క్యాసెట్లని కూడా ఆడిస్తుంది. మామూలు క్యాసెట్టుకి పెద్ద డెక్కు ఎందుకని అడగొచ్చు. టేపు మీద వెలుగునీడల సమాచారం ఒకలాగా, రంగు ఇంకోలాగా విడివిడిగా రాసి ఉంటుంది. మామూలు డెక్కు పసుపుపచ్చ పిన్ను వైరులోకి పంపేటప్పుడు ఆ రెండిటినీ కలిపేస్తుంది. అవతల క్యాప్చర్ పరికరం మళ్లీ విడదీసుకోవాలి. కలిపి విడదీసిన చోట పట్టుచీర జరీ అంచు మీద చుక్కలు పాకుతూ కనిపిస్తాయి. ఎస్-వీహెచ్ఎస్ డెక్కుకి ఎస్-వీడియో అనే గుండ్రటి 4 పిన్నుల సాకెట్టు ఉంటుంది. అందులోంచి రెండూ కలవకుండానే బయటికొస్తాయి. జేవీసీ హెచ్ఆర్-ఎస్ వరస డెక్కుల్లో కొన్నిటికి, పానసోనిక్ ఎన్‌వీ-హెచ్ఎస్ వరసలో కొన్నిటికి టైమ్ బేస్ కరెక్టర్ కూడా లోపలే ఉంది. అది ఏమిటో కాస్త ముందుకెళ్లాక చెప్పుకుందాం. అలాంటిది దొరికితే బేరమాడకుండా తీసుకోవడమే.

అమెరికాలో ఉన్న అన్నయ్యో అక్కయ్యో పంపిన క్యాసెట్లు ఉంటే వాటి లెక్క వేరు. మనది పాల్ పద్ధతి, సెకనుకి 25 ఫ్రేములు, 625 గీతలు. వాళ్లది ఎన్‌టీఎస్‌సీ, సెకనుకి 30కి కాస్త తక్కువ ఫ్రేములు, 525 గీతలు. దానికి మల్టీ-సిస్టమ్ డెక్కు కావాలి. అక్కడి డెక్కే తెప్పించుకుంటే 110 వోల్టులకి దించే ట్రాన్స్‌ఫార్మర్ మర్చిపోవద్దు.

హెడ్డు ఎలా తుడవాలి?

ఇక్కడే డెక్కులు చచ్చిపోతాయి, కాబట్టి నింపాదిగా చెప్పుకుందాం.

ప్లగ్గు పీకేసి, కాసేపు ఆగి, పై మూత స్క్రూలు విప్పండి. పవర్ సప్లై డబ్బా జోలికి పోవద్దు. ప్లగ్గు తీశాక కూడా అందులో పెద్ద కెపాసిటర్ షాకు కొట్టేంత చార్జి పట్టుకుని ఉండొచ్చు. మధ్యలో కాస్త ఏటవాలుగా కూర్చున్న వెండి రంగు డ్రమ్ము కనిపిస్తుంది. అడ్డం 62 మిల్లీమీటర్లు. దాని పై సగం తిరుగుతుంది, పాల్ డెక్కులో నిమిషానికి 1500 చుట్లు. ఆ అంచులో, కిందవైపు, ఎదురెదురుగా రెండు చిన్న కిటికీల్లాంటి సందులున్నాయి. ఒక్కో సందులోంచి గోటి అంచంత పలచటి ముక్క బయటికి పొడుచుకుని ఉంటుంది. హెడ్డు అదే. నాలుగు హెడ్ల డెక్కులో అలాంటివి నాలుగుంటాయి.

హెడ్డు చాలా పెళుసు. అడ్డంగా రాస్తే తట్టుకుంటుంది, పైకీ కిందకీ రాస్తే విరిగిపోతుంది. దూది చుట్టిన పుల్ల వాడకూడదు, దూది పోగు హెడ్డుకి తగులుకుని దాన్ని లాగేస్తుంది. మెత్తటి మేకతోలు ముక్కనో, అదీ లేకపోతే పోగులు రాలని మామూలు తెల్ల కాగితాన్నో 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి, డ్రమ్ముకి ఆనించి, ఆ చెయ్యి కదపకుండా ఉంచాలి. రెండో చేత్తో డ్రమ్ము పై భాగాన్ని నెమ్మదిగా తిప్పాలి. కాగితం మీద గోధుమరంగు గీత పడితే మురికి వస్తున్నట్టు. కొత్త చోటుకి కాగితం మార్చి, గీత పడనంతవరకూ అలాగే చేయాలి. ఆ తర్వాత టేపు తగిలే లోహపు స్తంభాలు, పక్కన నిలబడి ఉండే ఆడియో హెడ్డు తుడవాలి. నల్లటి రబ్బరు రోలరుకి మాత్రం ఆల్కహాల్ ఎక్కువ పెట్టొద్దు, రబ్బరు గట్టిపడుతుంది. తడిగుడ్డతో తుడిస్తే చాలు. తడి పూర్తిగా ఆరాకే క్యాసెట్టు పెట్టాలి.

మూత తీసి ఉంచి డెక్కు ఎలా నడుస్తుందో చూడాలని అందరికీ సరదా. చూడొచ్చు, కానీ గదిలో లైటు తగ్గించండి. టేపు చివర్న రంగులేని పారదర్శక ముక్క ఉంటుంది. క్యాసెట్టు మధ్యలో వెలిగే చిన్న దీపం వెలుతురు దాన్ని దాటి పక్క సెన్సార్ల మీద పడితే టేపు అయిపోయిందని డెక్కు గుర్తుపడుతుంది. పైనుంచి ట్యూబులైటో ఎండో ఆ సెన్సార్ల మీద పడితే డెక్కు అయోమయంలో పడి ఆగిపోతుంది. డెక్కు పాడైందని మెకానిక్కు దగ్గరికి పరిగెత్తే ముందు మూత పెట్టి చూడండి.

ఏసీ గదిలోంచి తెచ్చిన డెక్కుని వాన రోజున వెంటనే ఆన్ చేయొద్దు. చల్లటి డ్రమ్ము మీద తేమ పడుతుంది, తడి డ్రమ్ముకి టేపు అంటుకుపోతుంది. కొన్ని డెక్కులు ఈ తేమని తామే పసిగట్టి మొరాయిస్తాయి. గంటో రెండు గంటలో ఆగితే దారికొస్తాయి.

టీవీలో బాగానే ఆడుతోంది. కంప్యూటర్లోకి పోయేసరికి నిలువు గీతలు వంకర్లు పోతున్నాయి, మాట ఒక చోట పెదవి ఒక చోట. ఎందుకని?

మొత్తం వ్యవహారంలో అసలు కిటుకు ఇదే. చాలామంది దీన్ని డాంగిల్ లోపమనుకుని ఇంకో డాంగిల్ కొంటారు.

టేపు మీద బొమ్మ నిలువుగా రాసి ఉండదు, ఏటవాలు గీతలుగా ఉంటుంది. పాల్ వీహెచ్ఎస్‌లో ఒక్కో గీత వెడల్పు 49 మైక్రాన్లు, వెంట్రుక మందం లోపే. ఒక్కో హెడ్డు ఒక్కో గీతని చదివి అర ఫ్రేము, అంటే ఒక ఫీల్డు ఇస్తుంది. సెకనుకి 50 ఫీల్డులు. టీవీ బొమ్మలో ఒక్కో అడ్డగీతకి కేటాయించిన సమయం 64 మైక్రోసెకన్లు, సెకనులో పదిలక్షల వంతు ఒక మైక్రోసెకను. ఇక టేపు సాగుతుంది, మోటారు కొద్దిగా తడబడుతుంది, రబ్బరు జారుతుంది. అలాంటప్పుడు ఒక అడ్డగీత కాస్త ముందుగా, దాని కింది గీత కాస్త ఆలస్యంగా వస్తాయి. డిజిటల్‌గా మార్చే చిప్పు సెకనుకి 1.35 కోట్ల సార్లు కొలుస్తుంది, అంటే మైక్రోసెకనుకి 13 పిక్సెళ్లకు పైనే. ఒక్క మైక్రోసెకను ఆలస్యమైన గీత తెర మీద 13 పిక్సెళ్లు పక్కకి జరిగి కూర్చుంటుంది. పెళ్లిపందిరి గుంజ నిటారుగా ఉండాల్సింది రంపంలా కనిపిస్తుంది.

మరి పాత టీవీలో ఎందుకు కనిపించలేదు? పెద్ద గాజు గొట్టం ఉన్న పాత టీవీ ప్రతి గీతనీ, అది వచ్చినప్పుడు వచ్చినట్టు అందుకుని గీసేస్తుంది. వీసీఆర్ తడబాటుకి తగ్గట్టు సర్దుకునేలా చాలా టీవీల్లో ఏవీ ఛానెల్‌ని ప్రత్యేకంగా తయారు చేశారు. కంప్యూటర్‌కి ఆ సహనం లేదు. లెక్క ప్రకారం రాని ఫ్రేముని వదిలేస్తుంది, లేదా పక్కదాన్నే రెండుసార్లు పెడుతుంది. ఆడియో మాత్రం ఏమీ వదలకుండా వరసగా వస్తుంది. అందుకే గంట గడిచేసరికి పురోహితుడి మంత్రం ముందుకీ, పెదవి కదలిక వెనక్కీ పోతాయి.

దీనికి మందు టైమ్ బేస్ కరెక్టర్. మిరప నారు నాటే ముందు చేలో అచ్చు తోలినట్టు, వచ్చే గీతలన్నిటికీ ఒక కొలత పెట్టి, ముందొచ్చినదాన్ని కాసేపు ఆపి, ఆలస్యమైనదాన్ని వరసలో కలిపి పంపే పెట్టె అది. ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి గీతల్ని సరిచేస్తుంది, వంకర్లు పోతాయి. రెండోది ఫ్రేముల్ని సరిచేస్తుంది, ఫ్రేములు జారిపోవడం, మాట తప్పడం పోతాయి. స్టూడియోల కోసం చేసిన రెండో రకం పెట్టెలు ఇప్పుడు అరుదు, ఖరీదెక్కువ. అభిరుచి కోసం చేసేవాళ్లు కనిపెట్టిన అడ్డదారి ఒకటుంది. పానసోనిక్ డీఎంఆర్-ఈఎస్10, ఈఎస్15 అనే పాత డీవీడీ రికార్డర్లలో వచ్చే సిగ్నల్‌ని సరిచేసే సర్క్యూట్ ఉంది. వాటిలో డీవీడీ ఏమీ రాయక్కర్లేదు. డెక్కు వైరు దాని ఇన్‌పుట్‌లో పెట్టి, దాని ఔట్‌పుట్ నుంచి డాంగిల్‌కి ఇస్తే మధ్యలోనే గీతలు సర్దుకుంటాయి. డిస్కు ట్రే చెడిపోయిన రికార్డరైనా దీనికి పనికొస్తుంది, తూకానికి అమ్మేసే సామాన్లలో దొరికినా పరమానందమే.

ఇంకో చిన్న మాట. డెక్కు మెనూలో "బ్లూ బ్యాక్" అని ఉంటే ఆపెయ్యండి. సిగ్నల్ బలహీనమైనప్పుడల్లా బొమ్మ బదులు నీలి తెర వెయ్యడం దాని పని. చూసేవాళ్లకి అది మర్యాదే. కాపీ తీసేవాళ్లకి మాత్రం ఉన్న కాస్త బొమ్మనీ పోగొడుతుంది.

ఇప్పుడు చెప్పండి, డాంగిల్ ఏది?

ఈజీక్యాప్ పేరుతో అమ్మేవాటిలో ఒకే పేరు కింద లోపల వేర్వేరు చిప్పులుంటాయి. ఒకటి బాగా వస్తే ఇంకొకటి తెల్లచీరని తెల్లటి మచ్చగా మార్చేస్తుంది. నా మట్టుకు ఐ-ఓ డేటా జీవీ-యూఎస్‌బీ2, హాపాజ్ యూఎస్‌బీ-లైవ్2 లాంటివి వెతుక్కుని కొనడం మంచిది. ఎస్-వీడియో ఇన్‌పుట్ ఉందో లేదో చూసుకోవాలి. యూఎస్‌బీ హబ్బులో కాకుండా నేరుగా కంప్యూటర్‌కే గుచ్చాలి. కరెంటు తొణకకుండా యూపీఎస్ ఒకటి ఉంటే మూడు గంటల క్యాసెట్టు రెండున్నర గంటల దగ్గర తెగిపోదు.

పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల్ని హెచ్‌డీఎంఐగా మార్చే చిన్న డబ్బా కొని దాన్ని క్యాప్చర్ చేద్దామనుకునేవాళ్లున్నారు. అది ఉన్న 576 గీతల్ని సాగదీసి 1080 చేస్తుంది, మధ్యలో ఫీల్డుల్ని చెడగొడుతుంది. వద్దు. టీవీ ముందు ఫోను పెట్టి తియ్యడం అంతకన్నా వద్దు.

కంప్యూటర్ గురించి దిగులు పడక్కర్లేదు. పదేళ్ల కిందటి విండోస్ మెషీన్ చాలు. సాఫ్ట్‌వేర్‌కి వర్చువల్‌డబ్, అమారెక్‌టీవీ ఉచితంగా దొరుకుతాయి. ఓబీఎస్ అందరికీ తెలుసు కానీ ఫీల్డుల్ని ఉన్నదున్నట్టు దాచడానికి అది తయారవలేదు.

ఏ ఫార్మాట్‌లో దాచాలి? ఎంత చోటు పడుతుంది?

పాల్ బొమ్మని 720 అడ్డం, 576 నిలువుగా, సెకనుకి 25 ఫ్రేములతో, ఏమీ కుదించకుండా పట్టుకుంటే గంటకి 75 జీబీ దాకా వస్తుంది. హఫ్‌వైయూవీ, ఎఫ్ఎఫ్‌వీ1 లాంటి నష్టంలేని కోడెక్కులు దాన్ని సుమారు సగం చేస్తాయి. ఎఫ్ఎఫ్‌వీ1ని ప్రపంచంలో ఆర్కైవులు వాడుతున్నాయి, 2021లో దాని వివరాలు అందరికీ అందుబాటులో ఉండే పత్రంగా కూడా అచ్చయ్యాయి. మన పెళ్లికి అంత అవసరమా అంటే అవసరమే. ఎందుకంటే ఈ డెక్కు వచ్చే ఏడాది ఉంటుందో ఉండదో చెప్పలేం. ఈ మూలప్రతి పోతే మళ్లీ తియ్యడం కుదరకపోవచ్చు. ఒక ఈ-180 క్యాసెట్టు మూడు గంటలు, పాతిక క్యాసెట్లున్నా ఒక 4 టీబీ హార్డ్‌డిస్కులో సరిపోతాయి. ఇంకో డిస్కులో రెండో కాపీ తీసి వేరే ఊళ్లో ఉన్న తమ్ముడింట్లో పెట్టాలి.

ఇంట్లోవాళ్లు చూడటానికి మాత్రం ఆ మూలప్రతి నుంచి ఎంపీ4 తీసుకోవాలి. అప్పుడే ఒక్కో ఫీల్డునీ ఒక పూర్తి ఫ్రేముగా మార్చాలి, 25 కాకుండా 50 ఫ్రేములు వచ్చేలా. పెళ్లికూతురు చెయ్యి ఊపితే దువ్వెన పళ్లలా చీలికలు రాకుండా ఉండాలన్నా, అప్పటి టీవీలో చూసిన సాఫీతనం రావాలన్నా అదే దారి. వాట్సాప్‌లో పంపేది ఆ ఎంపీ4 ముక్కే కావాలి. కొందరు వాట్సాప్‌లో వచ్చిన కాపీని దాచుకుని అసలుది చెరిపేస్తారు.

మినీ డీవీ క్యాసెట్ల సంగతి పూర్తిగా వేరు. 1995లో వచ్చిన ఆ చిన్న క్యాసెట్టులో ఉన్నది అప్పటికే డిజిటల్. పానసోనిక్ ఎండీ 10000 లాంటి భుజం కెమెరాలతో మన వీడియోగ్రాఫర్లు తీసినవి ఇవే. ఫైర్‌వైర్ పోర్టు ఉన్న పాత కంప్యూటర్‌కి డీవీ కెమెరా కలిపి దింపితే అక్షరం పొల్లుపోకుండా గంటకి 13 జీబీ ఫైలు వస్తుంది. దానికి మూడు పిన్నుల వైరు వాడి డాంగిల్ నుంచి తీస్తే చేతిలో ఉన్నదాన్ని పాడుచేసుకున్నట్టే.

కోటప్పకొండ టేపులో ప్రతి బల్బు నుంచీ నిలువుగా తెల్ల చార ఉంది. టేపు పాడైందా?

లేదు. అది కెమెరా చేసిన పని. ఆనాటి సీసీడీ సెన్సార్ మీద చీకట్లో గట్టి వెలుతురు పడితే ఆ నిలువు వరస మొత్తం పొంగి చార పడుతుంది. విద్యుత్ ప్రభ నిండా బల్బులే కాబట్టి చారల పందిరి అవుతుంది. ఏ డెక్కుతోనూ అది పోదు, పోగొట్టాలని చూడనూ కూడదు. టేపు లోపం వేరేగా ఉంటుంది. మెరుపులా తెల్ల గీత అడ్డంగా వచ్చి పోతే అక్కడ పూత రాలింది. బొమ్మ అడుగున సన్నటి పట్టీ వణుకుతుంటే అది హెడ్డు మారే చోటు, అన్ని క్యాసెట్లలోనూ ఉంటుంది, టీవీ ఫ్రేము వెనక దాక్కునేది. పైన సగం బొమ్మ గీతలతో కొట్టుకుంటుంటే ట్రాకింగ్ తిప్పి చూడండి. మాట గుడ్డ చుట్టినట్టు మందంగా వినిపిస్తే ఆడియో హెడ్డు వంపు తేడా.

మిక్సింగ్‌లో వేసిన పూలహారాలూ, హృదయం ఆకారంలో తెరుచుకునే ఫ్రేములూ, మధ్యమధ్య సినిమా పాటలూ తీసేయమని కొందరడుగుతారు. మూలప్రతిలో ముట్టుకోవద్దు, కావాలంటే ఎంపీ4లో చేసుకోండి. ఆ పాటతోనే ఆ పెళ్లి ఏ ఏడాదిదో తెలిసేది.

ఇంతకన్నా మంచి దారి లేదా?

ఉంది, కానీ చేతులు కాస్త మురికి చేసుకోవాలి. డెక్కు లోపలి బోర్డు మీద హెడ్డు నుంచి వచ్చిన ముడి సిగ్నల్ కనిపించే టెస్ట్ పాయింట్ ఉంటుంది. అక్కడికి వైరు అతికి, ఆ సిగ్నల్‌నే నేరుగా కంప్యూటర్లోకి రికార్డు చేసి, బొమ్మగా మార్చే పనంతా సాఫ్ట్‌వేర్‌తో చేయించడం వీహెచ్ఎస్-డీకోడ్ అనే పద్ధతి. ఇది ఉచితం, ఓపెన్ సోర్స్. పాత అనలాగ్ టీవీ ట్యూనర్ కార్డుల్లో కోనెక్జాంట్ సీఎక్స్2388ఎక్స్ చిప్పు ఉన్నవి ఇందుకు పనికొస్తాయి. డెక్కులో ఎస్-వీడియో లేకపోయినా, మధ్యలో టైమ్ బేస్ కరెక్టర్ లేకపోయినా ఫరవాలేదు, ఆ పనులన్నీ సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. బదులుగా గంట టేపుకి ముడిగా 100 జీబీ దాకా చోటు, గంటలకొద్దీ ప్రాసెసింగ్, కమాండ్ లైన్ మీద భయం లేకపోవడం కావాలి. టంకం పట్టడం వచ్చిన పాలిటెక్నిక్ కుర్రాడు ఇంట్లో ఉంటే వాడికి సెలవుల్లో ఇంతకన్నా మంచి పని లేదు.

ఈ పద్ధతి వల్లే కాపీ తీశాక కూడా క్యాసెట్లని పారేయొద్దంటాను. ఇవాళ డాంగిల్‌తో తీసినదాన్ని రేపు ఇంకొకరు ముడి సిగ్నల్ నుంచి మెరుగ్గా తీయొచ్చు. పూర్తిగా వెనక్కి చుట్టి, డబ్బాలో పెట్టి, పుస్తకాల్లా నిలబెట్టి, అటక మీద కాకుండా ఇంట్లో చల్లటి గదిలో, స్లాబుకి దూరంగా ఉంచాలి. క్యాసెట్టు మీది చీటీని, పక్కన రాసిన పేర్లని, వీడియోగ్రాఫర్ స్టాంపుని ఫోనుతో ఫొటో తీసి అదే ఫోల్డర్లో వెయ్యాలి. "కారంపూడి, రెండో రోజు" అని బాల్‌పెన్నుతో రాసిన చీటీ ఊడిపోతే లోపల ఏ ఏటి ఉత్సవముందో చెప్పేవాళ్లు దొరకరు.

ఏది ముందు ఎక్కించాలి? పెళ్లి క్యాసెట్టుకి చుట్టాల దగ్గర ఇంకో కాపీ ఉండొచ్చు, దాన్ని పక్కన పెట్టండి. ఊళ్లో పాత వీడియోగ్రాఫర్ ఎవరైనా ఉంటే ఆయన దగ్గరికి ముందు పోవాలి. మిక్సింగ్ చెయ్యని అసలు టేపులు ఆయన ఇంట్లోనే పడి ఉంటాయి, చాలాసార్లు వాటితో పాటు అప్పటి డెక్కు కూడా.